ఇతరములు

కొత్త వెర్షన్ని సూదీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు,
చొక్కా జేబులో, కారం చల్లిన మామిడి ముక్కల పొట్లం పక్కన.
మన్జెసెలో ఆ పూట కరెంటు ఉంది.
అది ఉండగానే ఎక్కించెయ్ అన్నాడు.

ఏడేళ్లుగా నేను చెవితోనే కోశాను.
దెబ్బ ఎక్కడ లేస్తుందో,
తెర మీద గీత ఎక్కడ నిక్కుతుందో చూసుకుని
ఊపిరి బిగబట్టి, ఒక్కో ముక్క.
ఎవరిదో పెళ్లి కేసెట్టులోంచి నాలుగు సెకండ్ల వయొలిన్ తీయడానికి
రంజాన్ నెలలో ఒక రాత్రి రాత్రంతా పట్టింది.
మౌసు ఎడమ మీట అరిగి అరిగి
నా వేలికి తప్ప ఇంకెవరికీ పలకదు.

ఇప్పుడు పాటను అలా పడేస్తే చాలు.
ఆవులింత ముగిసేలోపు
చేటలో పోసి చెరిగేస్తుంది:
గొంతు ఒక వరసలో, తాళం ఒక వరసలో, బేసు ఒక వరసలో.
ఎందులోనూ ఇమడనిదంతా అడుగు వరసలో.
దానికి అది పెట్టిన పేరు: ఇతరములు.

సూదీ కుర్చీలోంచి లేచి ఈల వేశాడు.
నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు.

ఎప్పుడో ఒక తెల్లవారుజామున కిటికీలో ఫోను పెట్టి
పట్టుకున్న వీధి ఒకటుంది నా దగ్గర.
దాన్ని వేశాను.
నీళ్ల క్యాన్ల దగ్గర ఇద్దరాడవాళ్ల తగువు గొంతులోకి వెళ్లింది.
కోడి కూడా గొంతులోకే వెళ్లింది, కాదనలేకపోయాను.
దలదలా బస్సు బేసయింది.
కొంబో ముసలాయన,
ఒక చేత బొగ్గుల మీది ఇత్తడి కాఫీ బిందె,
ఇంకో చేత పింగాణీ కప్పుల టకటక,
అడుగు వరసలో తేలాడు.

దానికింద ఇంకో మీట. నొక్కాను.
ప్రతి టక్కునూ రెక్క పట్టుకు తెచ్చి
గళ్లలో కూర్చోబెట్టింది, పరీక్ష హాల్లో పిల్లల్లా.
"పదకొండు ఖాళీలు తొలగించబడినవి."
నిమిషానికి రెండొందల పది దెబ్బలకు తోలాను.
సింగేలి అంటే అంతే మరి, గుండె కంటే ముందు కాలు పోవాలి.

సాయంత్రం కొంబోను లోపలికి పిలిచి
తెల్ల టోపీ మీదే హెడ్‌ఫోన్లు పెట్టాను.
కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు, మర్యాదస్తుడు.
"ఎవరితను?"
నువ్వే, అన్నాను.
"నేనెలా అవుతాను? నడుస్తున్నాడు, నడుస్తున్నాడు,
ఒక్క గుమ్మం దగ్గరా ఆగడే!
వీడు కాఫీ అమ్మేవాడు కాదమ్మా,
కప్పులెత్తుకుని పారిపోతున్నాడు."

సూదీ నేల మీద పడి నవ్వాడు.

ఆ రాత్రి వెనక్కి, వెనక్కి, వెనక్కి నొక్కి
పదకొండు ఖాళీలనూ రాబట్టాను.
చెవి దగ్గరగా పెడితే ఖాళీలు కావవి.
ఒకదాంట్లో సన్నటి ధార.
ఒకదాంట్లో ఎవరో వేరుశెనగ అచ్చు కొరికారు.
ఒకదాంట్లో నాణెం పడి, దొర్లి, మురుగ్గట్టు దగ్గర ఆగింది.
ఏడో దాంట్లో కిటికీ రెక్క కిర్రుమంది.
అది మా కిటికీయే.
ఆ వెనక నా గొంతే, నిద్ర మత్తుతో:
రేపిస్తాలే, కొంబో.

ఏ రేపు?

పొద్దున్నే రెండు కప్పుల డబ్బులు తీసుకెళ్లి ఇచ్చాను.
ఏ రోజువని అడగలేదాయన, లెక్కపెట్టుకున్నాడు.
గ్లాసు కడిగినంత మామూలుగా.

పాటలో పది ఖాళీలు మళ్లీ పోయాయి.
నిజమే, అన్నీ ఉంచితే అది పాట కాదు, వీధి.
ఏడోది మాత్రం ఉంచేశాను, ఉన్నంత పొడుగునా.
ఫైలు తెరిచినప్పుడల్లా సాఫ్ట్‌వేరు వినయంగా అడుగుతుంది
ఒక ఖాళీ దొరికింది, తొలగించమంటారా?

శనివారం మా సందులో స్పీకర్లు కట్టారు.
దుమ్ము మోకాళ్ల దాకా లేచింది.
ఆ చోటు వచ్చింది.
కాళ్లు గాల్లో ఆగిపోయాయి,
కరెంటు పోయిందనుకుని
అందరూ ఒక్కసారి తలలెత్తి బల్బు వైపు చూశారు.

వెలుగుతూనే ఉంది.